కెర్నల్‌లో భద్రతా లోపాలు, వాటి సవరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్లు చూసుకునేవాళ్లు, ఆండ్రాయిడ్ ఫోను వాడేవాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుతున్న విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలివి. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. జవాబులు ఎక్కువగా లినక్స్ కెర్నల్ గురించే ఉంటాయి. దాని పనంతా బహిరంగంగా జరుగుతుంది కాబట్టి ఏ లోపం ఎప్పుడు పుట్టింది, ఎవరు పట్టుకున్నారు, ఏ వరుస మార్చారు అన్నది తేదీలతో సహా చూడవచ్చు. ఈ జవాబులన్నిటి వెనుకా నా గట్టి నమ్మకం ఒకటుంది. సవరణ రాయడం కన్నా, రాసిన సవరణ మన యంత్రం దాకా చేరడమే కష్టం. ఎక్కువమంది దెబ్బతినేది ఆ దారిలోనే.

లోపాలు అన్ని ప్రోగ్రాముల్లోనూ ఉంటాయి కదా, కెర్నల్ లోపం అంటే అంత భయం ఎందుకు?

బ్రౌజర్‌లోనో కెమెరా యాప్‌లోనో లోపం ఉంటే, దాన్ని వాడుకున్నవాడు ఆ ప్రోగ్రాముకున్న హక్కుల దగ్గరే ఆగిపోవాలి. ఆ హద్దు గీసేదే కెర్నల్. ఏ ప్రోగ్రాము ఏ ఫైలు చదవవచ్చు, ఎవరి మెమరీ ఎవరికి కనిపించకూడదు, రూట్ అధికారం, అంటే యంత్రం మొత్తం మీద పెత్తనం, ఎవరిది అన్నవన్నీ తేల్చేది అదే. అక్కడే పొరపాటు జరిగితే పైన ఎన్ని కట్టుదిట్టాలు చేసినా నిలవవు. ఒకే సర్వర్ మీద పదిమంది ఖాతాదారుల వెబ్‌సైట్లు నడుస్తున్నాయనుకోండి. కంటైనర్లు (ఒక్కో సైటును విడిగా ఉంచే గదులు) వేరు, పాస్‌వర్డులు వేరు, కెర్నల్ మాత్రం అందరికీ ఒకటే. ఒక సైటులోని పాత ప్లగిన్ ద్వారా లోపలికి వచ్చినవాడికి కెర్నల్ లోపం తోడైతే మిగతా తొమ్మిదీ అతని చేతికి చిక్కుతాయి.

దాడులు మామూలుగా ఇలా రెండు అంచెల్లోనే సాగుతాయి. ముందు ఏదో చిన్న సందులోంచి లోపలికి రావడం, ఆ తర్వాత కెర్నల్ లోపంతో రూట్ అధికారం సంపాదించడం. “మా సర్వర్‌లో బయటివాళ్లకు లాగిన్ లేదు, ఇది లోపలి ఖాతా ఉన్నవాళ్లకే పనికొచ్చే లోపం” అని పక్కన పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు ఈ రెండో అంచెను లెక్కలోకి తీసుకోవడం లేదు.

నేను లినక్స్ వాడను. ఇది నాకు సంబంధించిన విషయమేనా?

ఆండ్రాయిడ్ ఫోను ఉంటే వాడుతున్నట్టే, దాని అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. ఇంట్లోని వైఫై రూటర్, స్మార్ట్ టీవీ చాలావరకు అంతే. విండోస్ గురించి కింద విడిగా రాశాను.

ఎలాంటి తప్పులు భద్రతా లోపాలవుతాయి?

కెర్నల్‌లో అత్యధిక భాగం సీ భాషలో రాసినది. ఆ భాషలో మెమరీ బాధ్యత మొత్తం రాసేవాడిదే. వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం, కేటాయించిన హద్దు దాటి చదవడం లేదా రాయడం, విలువ పెట్టని చలరాశిని నమ్మడం, రెండు పనులు ఒకేసారి ఒకే డేటా మీద పడి వరుస తప్పడం అన్నవి మళ్లీ మళ్లీ కనిపించే నాలుగు రకాలు. హక్కుల తనిఖీ చేయడం మరచిపోయే తప్పులు ఇంకో రకం.

కెర్నల్ బృందం చాలాకాలంగా ఒక మాట మీద ఉంది: దాదాపు ఏ తప్పయినా ఎవరో ఒకరి చేతిలో భద్రతా లోపం కాగలదు, కాబట్టి “ఇది మామూలు తప్పు, ఇది భద్రతా లోపం” అని రెండు కుప్పలు పోయడం కుదరదు. భద్రతా నిపుణుల్లో చాలామందికి ఈ వాదన నచ్చదు. నాకు మాత్రం ఇది సబబుగానే అనిపిస్తుంది. ఎందుకో కింది ఉదాహరణ చూస్తే తెలుస్తుంది.

ఒక లోపం పుట్టినప్పటి నుంచి సవరించే దాకా ఏం జరిగిందో ఉదాహరణతో చెప్పగలరా?

డర్టీ పైప్ అనే లోపాన్ని తీసుకుందాం. బహిరంగమైన లోపాలకు ఇచ్చే సీవీఈ గుర్తింపు సంఖ్యల్లో దానిది సీవీఈ-2022-0847. పట్టుకున్నది జర్మనీకి చెందిన మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్.

కథ 2021 ఏప్రిల్‌లో ఒక ఖాతాదారు ఫిర్యాదుతో మొదలైంది. వెబ్‌సైటు లాగ్ ఫైలు డౌన్‌లోడ్ చేస్తే తెరుచుకోవడం లేదన్నారు. ఫైలు నిజంగానే పాడైంది. దాన్ని సరిచేసి ఊరుకున్నారు. కొన్ని నెలలకు మళ్లీ అదే ఫిర్యాదు, ఆ తర్వాత మళ్లీ. పాడైన ఫైళ్లన్నీ వరసపెట్టి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. పాడైనవి ఎక్కువగా నెలలో చివరి రోజు ఫైళ్లు. పాడైన భాగం ప్రతిసారీ ఫైలు చివరి 8 బైట్లే, అందులో ఉన్నవీ ప్రతిసారీ అవే 8 బైట్లు. వాటిలో మొదటి రెండూ జిప్ ఫైళ్లకు గుర్తుగా ఉండే అక్షరాలు.

అక్కడ ఒక ప్రోగ్రాము రోజువారీ ఫైళ్లను పైపులోకి (ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి డేటా అందించే కెర్నల్ దారి) పంపి, చివర తన జిప్ సమాచారం రాసి, నెల మొత్తాన్ని ఒకే జిప్‌గా ఖాతాదారుకు ఇస్తుంది. నెల చివరి రోజు ఫైలు వెనకే ఆ జిప్ సమాచారం వెళ్తుంది. అది పోయి ఫైలు మీదే పడుతోంది. అసలు వింత ఏమిటంటే, ఆ ప్రోగ్రాముకు ఆ ఫైళ్లను చదివే హక్కు తప్ప రాసే హక్కే లేదు. రాసే హక్కు లేని ప్రోగ్రాము రాయగలిగిందంటే తప్పు కెర్నల్‌దే అయి ఉండాలి. కెల్లర్‌మన్ ఆ అనుమానాన్ని వదల్లేదు. చివరికి రెండే రెండు చిన్న ప్రోగ్రాములతో, మామూలు వాడుకరి ఖాతా నుంచే, దాన్ని తిరిగి జరిపించి చూశారు.

కారణం ఇదీ. డిస్కు మీది ఫైలును చదివినప్పుడు కెర్నల్ దాని నకలును మెమరీలో పేజీలుగా ఉంచుకుంటుంది. స్ప్లైస్ అనే సౌకర్యం ఆ పేజీని మళ్లీ నకలు చేయకుండా, నేరుగా దాని చిరునామానే పైపుకు అందిస్తుంది. పైపులోని ప్రతి గదికీ ఫ్లాగ్స్ అనే చిన్న విలువ ఉంటుంది. “తర్వాత వచ్చే డేటాను ఈ పేజీలోనే కలిపి రాయవచ్చు” అన్న అనుమతి అందులోనే ఉంటుంది. ఫైలు పేజీకి ఆ అనుమతి ఎప్పుడూ ఉండకూడదు. అయితే కొత్త గది సిద్ధం చేసేటప్పుడు ఆ విలువను సున్నా చేయాల్సిన వరుస రెండు చోట్ల రాయలేదు. అంతకుముందు ఆ గదిలో ఉన్న పాత అనుమతి అలాగే మిగిలిపోయేది. దాంతో పైపులోకి రాసినది ఫైలు పేజీ మీద పడేది.

ఆ వరుస రాయడం మరచిపోయింది 2016లో. అప్పటికి దానివల్ల హాని లేదు, ఎందుకంటే అప్పుడు ఫ్లాగ్స్‌లో అంత ప్రమాదకరమైన అనుమతి ఏదీ లేదు. 2020లో 5.8 కెర్నల్ కోసం కోడ్‌ను శుభ్రం చేస్తూ ఆ కలిపి రాసే అనుమతిని ఫ్లాగ్స్‌లోకి మార్చారు. నాలుగేళ్లు నిద్రపోయిన తప్పు ఆ రోజు భద్రతా లోపమైంది. 2016 నాటి తప్పును ఎవరైనా ముందే చూసి ఉంటే “మామూలు తప్పు” అనే కుప్పలోనే వేసేవారు.

సవరణ రెండు వరుసలు. ఆ రెండు చోట్లా ఫ్లాగ్స్‌ను సున్నా చేయడం, అంతే.

రెండు వరుసల సవరణ అయితే విషయాన్ని కొన్ని రోజులు దాచిపెట్టడం ఎందుకు?

డర్టీ పైప్ తేదీలు చూడండి. 2022 ఫిబ్రవరి 20న కెల్లర్‌మన్ కెర్నల్ భద్రతా బృందానికి లోపం వివరం, దాడి నమూనా, సవరణ మూడూ పంపారు. 21న సవరణ మాత్రం బహిరంగంగా వెళ్లింది, భద్రత ఊసు లేకుండా. అదే రోజు ఆండ్రాయిడ్ బృందానికీ తెలియజేశారు. 23న 5.16.11, 5.15.25, 5.10.102 కెర్నల్ సంచికలు (వెర్షన్లు) సవరణతో వెలువడ్డాయి. 24న గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కలిపింది. 28న డిస్ట్రిబ్యూషన్ల వాళ్లకు, అంటే లినక్స్‌ను ప్యాకేజీలుగా కట్టి వాడుకరులకు ఇచ్చేవాళ్లకు, చెప్పారు. మార్చి 7న ప్రపంచానికంతటికీ వివరాలు వెల్లడించారు.

ఆ రెండు వారాలు సవరణ రాయడానికి కావు, దాన్ని పంచడానికి. రెడ్ హ్యాట్, ఉబుంటు, డెబియన్, సూసే ఒక్కొక్కటీ తన కెర్నల్‌లో సవరణ కలిపి, కట్టి, పరీక్షించి, విడుదల చేయాలి. వాళ్లందరూ సిద్ధం కాకముందే వివరాలు బయటపడితే దాడి చేసేవాడు ముందుంటాడు. అలాగని నెలల తరబడి దాచడమూ తప్పే, రహస్యం తెలిసినవాళ్లు పెరిగేకొద్దీ అది రహస్యంగా ఉండదు. అందుకే కెర్నల్ భద్రతా బృందం గడువు విషయంలో కఠినంగా ఉంటుంది. సవరణ సిద్ధమయ్యాక మామూలుగా 7 రోజులు, తప్పనిసరి అయితే 14 రోజులు, అంతకుమించి ఆగదు. డిస్ట్రిబ్యూషన్ల ఉమ్మడి ఈమెయిలు జాబితాలోనూ పైహద్దు 14 రోజులే. నాకు ఇది న్యాయమైన గడువుగానే కనిపిస్తుంది.

సవరణ ఒకసారి రాస్తే లోపం పోయినట్టేనా?

ప్రతిసారీ కాదు. దీనికి డర్టీ కౌ అనే లోపం కన్నా మంచి సాక్ష్యం లేదు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న పేజీలో ఎవరైనా రాయబోతే, కెర్నల్ వారికి సొంత నకలు ఒకటి చేసి ఇస్తుంది. ఆ నకలు చేసే క్షణానికీ, రాసే క్షణానికీ మధ్య ఇంకో త్రెడ్ (ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పని) దూరి ఆ నకలును పారవేయిస్తే, రాసినది అసలు పేజీ మీదే పడేది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే ఈ తప్పును దిద్దబోయారు. ఆ దిద్దుబాటు ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీసుకున్నారు. 2007 నాటి 2.6.22 కెర్నల్ నుంచి ఈ దాడికి దారి తెరిచే ఉంది. 2016 అక్టోబరులో ఫిల్ ఓస్టర్ తన సర్వర్‌కు వచ్చే వెబ్ రాకపోకలన్నీ భద్రపరిచే అలవాటున్న మనిషి కావడం వల్ల, అప్పటికే దాడిలో వాడుతున్న ప్రోగ్రామును పట్టుకోగలిగారు. అప్పుడు సరైన సవరణ వచ్చింది. అదీ పెద్ద పేజీల విషయంలో అసంపూర్తి అని 2017 నవంబరులో తేలి, ఇంకో సవరణ రాయాల్సి వచ్చింది.

ఇంత సీనియర్లు, ఇంత జాగ్రత్తగా చూసిన కోడ్‌లోనే ఇలా జరిగింది. అందుకే మంచి సవరణతో పాటు, ఆ తప్పు మళ్లీ వస్తే వెంటనే పట్టుకునే పరీక్ష కూడా రాయాలని నేను పట్టుబడతాను.

లోపాలు ఎక్కువగా ఎలా దొరుకుతున్నాయి? అందరూ కోడ్ చదివి పట్టుకుంటున్నారా?

చదివి పట్టుకునేవాళ్లు ఉన్నారు, కానీ పెద్ద వాటా యంత్రాలది. గూగుల్‌లో పుట్టిన సిజ్‌కాలర్ అనే సాధనం కెర్నల్ మీదికి అడ్డదిడ్డమైన సిస్టమ్ కాల్స్‌ను (ప్రోగ్రాములు కెర్నల్‌ను పని అడిగే పిలుపులు) రాత్రింబవళ్లు వదులుతూ, ఎక్కడ కూలుతుందో గమనిస్తుంది. దాన్ని నిరంతరం నడిపే సిజ్‌బాట్ 2017 నుంచి తన నివేదికలను బహిరంగంగా ఉంచుతోంది. 2015లో 4.0 కెర్నల్‌లో కలిసిన కసాన్ అనే మెమరీ తప్పుల పరీక్షా సాధనం దీనికి తోడు. వదిలేసిన మెమరీని ఎవరైనా ముట్టుకున్న మరుక్షణం అది పట్టి ఇస్తుంది. కసాన్ లేకపోతే ఆ తప్పు ఎక్కడో గంట తర్వాత, సంబంధం లేని చోట కూలిపోవడంగా బయటపడుతుంది. అప్పుడు మూలం వెతకడం నరకం.

నాకు ఒక లోపం కనిపించింది. ఎవరికి చెప్పాలి?

సిజ్‌బాట్‌లో ఇప్పటికే బహిరంగంగా ఉన్నదైతే ఆ భాగం చూసుకునే మెయింటైనర్లకు నేరుగా రాయవచ్చు. ఇంకా ఎవరికీ తెలియని, దాడికి పనికొచ్చేదని అనుమానం ఉన్నదైతే కెర్నల్ భద్రతా బృందానికీ, ఆ భాగం మెయింటైనర్లకూ మాత్రమే ఈమెయిలు పంపండి. సాదా అక్షరాల ఈమెయిలు చాలు. ఏ సంచిక, ఏం చేస్తే కూలింది, ఏ సందేశం వచ్చింది అన్నవి ఉండాలి. సవరణ కూడా మీరే రాసి పంపితే పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. పేరు తెచ్చుకోవాలన్న తొందరలో ముందుగా సోషల్ మీడియాలో పెట్టకండి. మన దేశంలోని వ్యవస్థలకు సంబంధించినదైతే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు తెలియజేసే మార్గమూ ఉంది.

పాత కెర్నల్ సంచికలకు సవరణ ఎలా చేరుతుంది?

నియమం ఒకటే: ముందు టోర్వాల్డ్స్ దగ్గరి ప్రధాన కెర్నల్‌లో కలవాలి, ఆ తర్వాతే పాతవాటికి. సవరణ రాసినవారు అందులో రెండు గుర్తులు పెడతారు. ఏ పాత మార్పు ఈ తప్పును తెచ్చిందో చెప్పే వరుస ఒకటి, స్టేబుల్ బృందానికి నకలు పంపమనే వరుస ఇంకొకటి. మొదటి గుర్తును బట్టి ఏయే సంచికల్లో లోపం ఉందో తేలుతుంది. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, సాషా లెవిన్ నడిపే స్టేబుల్ బృందం వాటిని ఏరి, ఏళ్ల తరబడి సవరణలు అందే దీర్ఘకాలిక సంచికల్లోకి చేరుస్తుంది. సవరణ చిన్నదిగా ఉండాలి, వంద వరుసలు మించకూడదు, సరైనదని చూడగానే తెలియాలి.

పాత కోడ్ ఆకారం వేరుగా ఉన్నప్పుడు సవరణ నేరుగా అతకదు. కొత్త కెర్నల్‌లో ఒక వరుస మార్పు, అయిదేళ్ల కిందటి కెర్నల్‌లో అంతకు ముందటి మూడు నాలుగు మార్పులను కూడా తెచ్చుకోవాల్సిన పని అవుతుంది. తెర వెనుక జరిగే ఈ చాకిరీకి రావలసిన గుర్తింపు రావడం లేదన్నది నా బాధ.

ఈమధ్య లినక్స్‌కు సీవీఈ సంఖ్యలు వేలల్లో వస్తున్నాయి. కెర్నల్ నాణ్యత పడిపోయిందా?

లేదు, లెక్క పెట్టే పద్ధతి మారింది. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే తన సీవీఈ సంఖ్యలు తాను ఇచ్చుకుంటోంది. భద్రతకు సంబంధం ఉండవచ్చనిపించే ప్రతి సవరణకూ, అది స్టేబుల్ కెర్నల్‌లో చేరిన తర్వాత, ఒక సంఖ్య ఇస్తారు. వాటిలో చాలావరకు మీరు ఎన్నడూ వాడని డ్రైవర్లలో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చదివి “ఇది మాకు వర్తిస్తుందా” అని కూర్చుంటే ఏ బృందానికీ సమయం సరిపోదు. కెర్నల్ బృందం ఇచ్చే సలహా సూటిగా ఉంటుంది: ఏరుకోవద్దు, స్టేబుల్ సంచిక మొత్తం తీసుకోండి. అందరూ అలా చేయలేని పరిస్థితుల్లో ఉండవచ్చు, కానీ దిశ మాత్రం అదే కావాలి.

మా సర్వర్‌లో కెర్నల్ 4.18 అని చూపిస్తోంది. ఆడిట్ వాళ్లు పాతది, ప్రమాదమని రాశారు. నిజమేనా?

రెడ్ హ్యాట్ 8 వాడుతుంటే ఆ సంఖ్య చూసి భయపడనక్కర్లేదు. దాని కెర్నల్ జీవితకాలమంతా 4.18గానే ఉంటుంది. కొత్త సవరణలను కంపెనీ దానిలోకే తెచ్చి కలుపుతుంది. ఉబుంటు 22.04 తొలి కెర్నల్ 5.15 అయినా, డెబియన్ 12 కెర్నల్ 6.1 అయినా అంతే. చూడాల్సింది చుక్కల తర్వాత వచ్చే పొడవాటి ప్యాకేజీ సంఖ్యను, దాన్ని డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే భద్రతా సూచనతో పోల్చాలి. ముందు సంఖ్య మాత్రమే చూసి ఎర్ర గీత గీసే స్కానర్ నివేదికలు అనవసరపు గాభరా పుట్టిస్తాయి. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, నాలుగుసార్లు ఉత్తుత్తి హెచ్చరిక చూసినవాళ్లు అయిదోసారి నిజమైనదాన్నీ పట్టించుకోరు.

ప్యాకేజీ అప్‌డేట్ చేశాను, రీబూట్ చేయలేదు. సరిపోతుందా?

సరిపోదు. కొత్త కెర్నల్ డిస్కు మీదకు వచ్చింది, మెమరీలో నడుస్తున్నది పాతదే. సర్వర్ల పనిలో నాకు అన్నిటికన్నా తరచుగా కనిపించే పరిస్థితి ఇది. ప్యాకేజీల జాబితా చూస్తే అంతా తాజాగా ఉంటుంది, నడుస్తున్న కెర్నల్ వయసు మాత్రం ఏడాది. “ఈ సర్వర్ ఆగక 400 రోజులైంది” అని గర్వంగా చెప్పుకునే రోజులు పోవాలి. అది సర్వర్‌కు మెచ్చుకోలు కాదు, అన్ని రోజులుగా కెర్నల్ సవరణలు అందలేదన్న లెక్క. నెలకో రాత్రి రీబూట్‌కు కేటాయించి, దాన్ని మీ పై అధికారులతో ముందే ఒప్పించుకోండి. అత్యవసరం వచ్చిన రోజు అడగడం కన్నా ఇది చాలా తేలిక.

రీబూట్ అవసరం లేని లైవ్ ప్యాచింగ్ ఉంది కదా?

ఉంది, మంచిదే. తప్పున్న ఫంక్షన్‌కు వచ్చే పిలుపును కొత్త ఫంక్షన్‌కు మళ్లించడం దాని కిటుకు. కేస్‌ప్లైస్ అనే సాధనంతో మొదలై, రెడ్ హ్యాట్, సూసేలు వేర్వేరుగా చేసిన ప్రయత్నాలు కలిసి 2015లో 4.0 కెర్నల్‌లో ఉమ్మడి పునాది ఏర్పడింది. కానీ డేటా నిర్మాణమే మారాల్సిన సవరణలు ఇలా అతకడం కష్టం. అన్ని లోపాలకూ లైవ్ ప్యాచ్‌లు ఇవ్వరు, తీవ్రమైనవాటికే ఇస్తారు. రీబూట్‌ను వచ్చే వారానికి జరపడానికి వాడుకోండి, వచ్చే ఏడాదికి కాదు.

కెర్నల్‌లో సవరించాక కూడా ఫోనుకు చేరడానికి అంత ఆలస్యం ఎందుకు?

దారి పొడవు. ప్రధాన కెర్నల్ నుంచి దీర్ఘకాలిక సంచికకు, అక్కడి నుంచి ఆండ్రాయిడ్ ఉమ్మడి కెర్నల్‌కు, ఆపైన చిప్ తయారీదారుకు, తర్వాత ఫోను కంపెనీకి, కొన్ని దేశాల్లో నెట్‌వర్క్ కంపెనీకీ, చివరికి మీ చేతికి. ఏ అంచెలో ఆగినా అంతే.

సీవీఈ-2019-2215 చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆండ్రాయిడ్‌లో యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బైండర్ డ్రైవర్‌లో వదిలేసిన మెమరీని మళ్లీ వాడే లోపం అది. సిజ్‌బాట్ దాన్ని 2017లోనే పట్టింది. 4.14 దీర్ఘకాలిక కెర్నల్‌లోనూ, ఆండ్రాయిడ్ ఉమ్మడి కెర్నళ్లలోనూ సరిదిద్దారు కూడా. అప్పుడు సీవీఈ సంఖ్య లేదు, నెలవారీ భద్రతా ప్రకటనలోకి ఎక్కలేదు. కాబట్టి ఎన్నో ఫోన్లకు ఆ సవరణ వెళ్లనే లేదు. 2019లో ఆ లోపంతో నిజమైన దాడులు జరుగుతున్నాయన్న ఆనవాళ్లు దొరికి, లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో దాన్ని ఏడు రోజుల గడువుతో వెల్లడించింది. లోపం ఉన్న ఫోన్ల జాబితాలో పిక్సెల్ 2, గెలాక్సీ ఎస్9 ఉన్నాయి, మన దగ్గర లక్షల చేతుల్లో తిరిగిన రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5 కూడా ఉన్నాయి. అంటే సవరణ రాసి ఉంది, అందరికీ కనిపించే చోటే ఉంది, అయినా దాదాపు రెండేళ్లు ఆ ఫోన్లకు రక్షణ లేదు.

ఆండ్రాయిడ్ 12 నుంచి కెర్నల్ ప్రధాన భాగాన్ని గూగుల్ ఉమ్మడిగా ఇచ్చి, చిప్ తయారీదారుల కోడ్‌ను విడి మాడ్యూళ్లలో ఉంచే పద్ధతి వచ్చాక ఈ దారి కొంత కుదించుకుపోయింది. కొంతే. ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగినట్టే, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని దుకాణంలో అడగండి. సెట్టింగ్స్‌లో భద్రతా ప్యాచ్ తేదీ చూడండి. సాధారణంగా ఆ తేదీ 5తో ముగిస్తే ఆ నెల కెర్నల్ సవరణలు కూడా చేరినట్టు, 1తో ముగిస్తే అవి మిగిలి ఉన్నట్టు.

సవరణ ఇంకా అందలేదు. ఈలోగా ఏం చేయాలి?

లోపం ఉన్న భాగాన్ని మూసేయగలరేమో చూడండి. సీవీఈ-2024-1086 నెట్‌ఫిల్టర్‌లో, అంటే కెర్నల్ ఫైర్‌వాల్ భాగంలో, ఒకే మెమరీని రెండుసార్లు వదిలే లోపం. 2014 నుంచి ఉంది, 2024 జనవరిలో సవరించారు, మార్చిలో పనిచేసే దాడి కోడ్ బహిరంగమైంది, మే నెలాఖరుకు అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా దాన్ని నిజమైన దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. మామూలు వాడుకరి ఆ కోడ్ దాకా వెళ్లడానికి యూజర్ నేమ్‌స్పేస్, అంటే విడి గదిలాంటి చోట తానే రూట్‌గా నడిచే సౌకర్యం, కావాలి. మామూలు ఖాతాలకు ఆ సౌకర్యం ఆపేస్తే దారి మూసుకుంటుంది. అయితే రూట్ లేకుండా నడిచే కంటైనర్లు, కొన్ని బ్రౌజర్ రక్షణలు కూడా దాని మీదే ఆధారపడతాయి కాబట్టి ముందు పరీక్షా యంత్రంలో చేసి చూడండి. వాడని కెర్నల్ మాడ్యూళ్లు లోడ్ కాకుండా ఆపడం మాత్రం లోపం ఉన్నా లేకపోయినా చేయదగ్గ పని.

అప్‌డేట్ వల్లే సర్వర్ పడిపోతే?

ఆ భయం న్యాయమైనదే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తప్పు అప్‌డేట్, విండోస్ కెర్నల్ స్థాయిలో నడిచే దాని డ్రైవర్‌ను కూల్చింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. దాని నుంచి “అప్‌డేట్లు ఆపేద్దాం” అని తీర్మానించినవాళ్లున్నారు. అది తప్పు. అందరికీ ఒకేసారి కాకుండా అంచెలుగా ఇవ్వాలి. ముందు రెండు మూడు యంత్రాలు, ఒక రోజు గమనించాక మిగతావి. లినక్స్‌లో పాత కెర్నల్ బూట్ మెనూలో అలాగే ఉంటుంది, తేడా వస్తే దానితో మళ్లీ లేపవచ్చు. ఆ పాతదాన్ని స్థలం కోసం తొలగించకండి.

విండోస్‌లోనూ ఇదే కథా?

కోడ్ మూసి ఉంటుంది, సవరణలు నెలలో రెండో మంగళవారం వస్తాయి. దారిలో ఆలస్యం మాత్రం అక్కడా అదే. ఫైళ్లు పంచుకునే పాత ఎస్ఎంబీ డ్రైవర్ విండోస్ కెర్నల్‌లో నడుస్తుంది. అందులోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ ఇచ్చింది. మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అదే లోపంతో ప్రపంచాన్ని చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. సవరణ వచ్చి అప్పటికి దాదాపు రెండు నెలలు.

లోపం ప్రాసెసర్‌లో ఉంటే కెర్నల్‌ను ఎందుకు మారుస్తారు?

అమ్మేసిన ప్రాసెసర్‌ను మార్చలేరు కాబట్టి. 2018 జనవరి 3న బయటపడ్డ మెల్ట్‌డౌన్ అలాంటిదే. ప్రాసెసర్ ముందస్తుగా చేసే పనుల ఆనవాళ్ల ద్వారా కెర్నల్ మెమరీని మామూలు ప్రోగ్రాము చదవగలిగేది. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ కెర్నల్ మెమరీలో దాదాపు అంతా దాని చిరునామా పట్టికలోనే లేకుండా చేయడం విరుగుడు. గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకుల ఆలోచన నుంచి వచ్చిన ఈ మార్పు 4.15 కెర్నల్‌లో చేరింది. దానికి మూల్యం వేగం. కెర్నల్‌ను తరచూ పిలిచే డేటాబేసుల వంటివి స్పష్టంగా నెమ్మదించాయి.

కోడ్ అందరికీ కనిపిస్తుంది కదా, ఎవరైనా కావాలని లోపం పెడితే?

ప్రయత్నాలు జరిగాయి. 2003 నవంబరులో కెర్నల్ కోడ్ నకలు ఉన్న ఒక సర్వర్‌లో ఎవరో రెండు వరుసలు చొప్పించారు. చూడటానికి వాడుకరి సంఖ్య సున్నానా అని తనిఖీ చేస్తున్నట్టే ఉంటుంది. కానీ రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. అంటే తనిఖీ కాదు, వాడుకరిని రూట్‌గా మార్చేయడం. అసలు భాండాగారంలో ఆ మార్పుకు రికార్డు లేకపోవడంతో వెంటనే పట్టుబడింది. 2021లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లోపాలున్న సవరణలను పరిశోధన పేరుతో పంపారని తేలి, ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పాత మార్పులన్నీ మెయింటైనర్లు మళ్లీ కూర్చుని పరిశీలించాల్సి వచ్చింది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల సమయాన్ని అలా వాడుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

రస్ట్ భాష వచ్చాక ఈ లోపాలు పోతాయా?

2022 డిసెంబరులో 6.1 కెర్నల్‌తో రస్ట్‌కు తలుపు తెరుచుకుంది. వదిలేసిన మెమరీని ముట్టుకోవడం, హద్దు దాటడం వంటి తప్పులను చాలావరకు కంపైలరే ఆపుతుంది. అది పెద్ద మేలు. హక్కుల తనిఖీ మరచిపోతే ఏ భాషా కాపాడదు. కోట్ల వరుసల సీ కోడ్ ఇంకా చాలాకాలం ఉంటుంది, దాన్ని సవరించేవాళ్ల అవసరమూ ఉంటుంది.

నేను విద్యార్థిని. ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సవరణలు చదవడంతో. డర్టీ పైప్ సవరణ తీసుకోండి, దానిలో పేర్కొన్న పాత మార్పు తెరవండి, ఏ ఫంక్షన్‌లో ఏ వరుస లేదో మీ కళ్లతో చూడండి. తర్వాత వర్చువల్ మెషీన్‌లో కసాన్‌తో కెర్నల్ కట్టుకుని, సిజ్‌బాట్ బహిరంగ జాబితాలోంచి తిరిగి జరిపించే ప్రోగ్రాము జతచేసిన ఒక లోపాన్ని ఎంచుకోండి. దాన్ని మీ యంత్రంలో కూల్చి చూడటమే తొలి వారాల పని. లినక్స్ ఫౌండేషన్ మెంటర్‌షిప్‌లో కెర్నల్ లోపాల సవరణకు ప్రత్యేక విభాగం ఉంది, దానికి ఇంటి నుంచే పనిచేయవచ్చు. మీ మొదటి సవరణ తిరిగొస్తుంది, బహుశా రెండోదీ. వివరణ సరిగ్గా రాయలేదనో, తప్పు మూలాన్ని కాక లక్షణాన్ని దిద్దారనో అంటారు. ఆ వ్యాఖ్యలకు ఒక్కొక్కదానికీ జవాబు రాసి, మార్చి, మీ సవరణ సంచిక సంఖ్య పెంచి మళ్లీ పంపండి.